వంకరగా కుట్టిన బ్యాడ్జి

"నీకు గుండీ కుట్టుకోవడం వచ్చా?" అని అడిగారు డైరెక్టర్.

ఏజెంట్ కంగారుగా చొక్కా తడుముకున్నాడు. పొట్ట దగ్గర గుండీ ఊడిపోయి దారం వేలాడుతోంది. కదిలే రైలు పైకప్పు మీద పరుగెత్తిన మనిషే, పరాయి గడ్డ మీద గురి తప్పకుండా పేల్చిన మనిషే, కానీ సూదిలోకి దారం ఎక్కించమంటే చెమటలు పడతాయి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని 'గుండీ' అని ఏడిపించేవారు. ఆ ఏడిపింపే చివరికి కోడ్ నేమ్ అయి కూర్చుంది.

"రాదు సార్."

"నేర్చుకో. రేపట్నుంచి నువ్వు టైలర్ అసిస్టెంట్‌వి."

తెర మీద ఫొటో పడింది. నల్లటి లెదర్ జాకెట్, హెల్మెట్, కళ్ళకి గాగుల్స్. ఎడమ ఛాతీ మీద ఎర్ర బ్యాడ్జి, భుజాల మీద హోదా పట్టీలు. పెద్దల కార్లకి ముందూ వెనకా మోటార్ సైకిళ్ళ మీద వెళ్ళే ఎస్కార్ట్ రైడర్.

"వచ్చే నెల ఒక విదేశీ అతిథి వస్తున్నారు. యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకం పెట్టడానికి. గబ్బిలం ముఠాకి అది గిట్టదు. రెండు వైపులకీ ఆయుధాలు అమ్ముకునేవాళ్ళు, యుద్ధం ఆగితే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని వాళ్ళ హంతకుడు ఈ వేషంలో కాన్వాయ్‌లో దూరబోతున్నాడు. గాగుల్స్ పెట్టాక ఎవడు ఎవడో వాడి తల్లికి కూడా తెలీదు. కావలసిందల్లా అసలు జాకెట్."

"నకిలీది కుట్టించుకోవచ్చుగా సార్?"

"ఈ విజిట్ కోసం బ్యాడ్జిలు కొత్తగా నేయించాం. దారంలో ఒక రకం మెరుపుంటుంది. గేటు దగ్గర స్పెషల్ లైటు వేసి చూస్తారు. నకిలీ పనికిరాదు. బ్యాడ్జిలు కుట్టేది ఒకే ఒక్క షాపు. జాకెట్లు ఎస్కార్ట్ బ్యారక్స్ దాటి వెళ్ళేది ఆ షాపుకే. వాళ్ళు అక్కడే దొంగిలిస్తారు. మనం దొంగిలించనిస్తాం."

డైరెక్టర్ అరచెయ్యి చాపారు. అందులో చొక్కా గుండీ అంత బిళ్ళ ఉంది.

"ట్రాన్స్‌మిటర్. స్పేర్ జాకెట్ బ్యాడ్జి కింద పెట్టి కుట్టెయ్. జాకెట్ ఎక్కడికి పోతే సిగ్నల్ అక్కడికి, సిగ్నల్ ఎక్కడికి పోతే మనం అక్కడికి. కాంటాక్ట్ పేరు మేడమ్. గబ్బిలం దగ్గర జీతం, మన దగ్గర గీతం. జాకెట్ తీసుకెళ్ళేది ఆవిడే."

"షాపు మాస్టారికి చెప్తామా?"

"ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వీధి చివరి వాడు మనకే వచ్చి చెప్తాడు. పైగా, దొంగతనం అయ్యాక ఎవరినో ఒకరిని అరెస్ట్ చెయ్యాలి. లేకపోతే మనం కావాలనే వదిలేశామని గబ్బిలానికి తెలిసిపోతుంది."

"ఎవరిని సార్?" తెలిసీ అడిగాడు గుండీ.

డైరెక్టర్ ప్రొజెక్టర్ ఆపేశారు.

*

ఎస్కార్ట్ బ్యారక్స్ వెనక సందులో ఆ షాపు ఉంది. లోపల మనిషి తిరగాలంటే పక్క మనిషి ఊపిరి బిగపట్టాలి. ఒక కాలి మిషన్, ఒక పొడుగాటి బల్ల, బల్ల మీద రబ్బర్ సొల్యూషన్ డబ్బా, మైనం ముద్ద, లావు సూదులు. ఇనప కడ్డీకి వరసగా లెదర్ జాకెట్లు వేలాడుతుంటాయి. మాస్టారు సన్నగా, పొడుగ్గా, విరిగిన కళ్ళజోడుకి దారం చుట్టుకుని ఉంటారు. దారం తెంపేటప్పుడు తప్ప ఆయన నోరు ఆగదు.

"ఒరేయ్ అబ్బాయ్, బ్యాడ్జిని తోలు మీద పెట్టి టపటపా కుట్టెయ్యడం కాదురా. ముందు లోపలి లైనింగ్ అంచు విప్పు. తోలుకీ బ్యాడ్జికీ మాత్రమే కుట్టు పడాలి. లైనింగ్‌ని కూడా కలిపి కుట్టావనుకో, లోపల ముడి రైడర్‌కి గుచ్చుకుంటుంది. వాడు బండి మీద గోక్కుంటూ పోతే ఏ దేశం వాడైనా మనల్ని గౌరవిస్తాడా?"

"గౌరవించడు మాస్టారూ."

"కుట్టు దగ్గర దగ్గరగా వెయ్యకు. తోలు స్టాంపు చిరిగినట్టు చిరుగుతుంది. సొల్యూషన్ పల్చగా రాయి. ఇదిగో, ఇంత రాస్తే అన్నం మెతుకు అంటించినట్టుంది. నీకు పెళ్ళయిందా?"

"లేదు మాస్టారూ."

"అనుకున్నాలే. గుండీ లేని చొక్కా చూస్తేనే తెలుస్తోంది."

వచ్చిన వారం తిరక్కముందే మాస్టారి క్యారియర్‌లో ఒక గిన్నె పెరిగింది. మాస్టారి భార్య పంపింది. అసిస్టెంట్ ఒంటరిగా గది తీసుకుని ఉంటున్నాడని, ఏం తింటున్నాడో ఏమోనని ఆవిడకి దిగులట. ఒక ఆదివారం ఇంటికే పిలిచి కూర్చోబెట్టి వడ్డించింది. "పిన్నీ అని పిలువు నాయనా, అమ్మగారూ గిమ్మగారూ ఏమిటి?" అంది. గుండీ మొహమాటం లేకుండా రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని అతను చాలామందిని పట్టుకున్నాడు. ఆ రాత్రి తన గదిలో పడుకుని ఇంటికప్పు వైపు చూడాలంటే అతనికే సిగ్గేసింది.

మేడమ్ ఒక మధ్యాహ్నం వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్. షాపులోని తోలు వాసనంతా ఆవిడ సెంటుకి భయపడి మూలకి పోయింది. ఊళ్ళో సినిమా కంపెనీలకి కాస్ట్యూమ్స్ అద్దెకిచ్చే వ్యాపారం ఆవిడ కవర్.

"ఈ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వానకి బిగిసింది" అంది గుండీ వైపు చూస్తూ.

"వానకి కాదండీ, వయసుకి" అని కోడ్ జవాబు చెప్పాడు గుండీ.

మేడమ్ కళ్ళద్దాలు కాస్త దించింది. "ఈ జవాబు రాసింది మీ డైరెక్టరేనా?" అని పెదవి కదపకుండా అడిగింది.

ఇంతలో మాస్టారు బ్యాగ్ లాక్కుని, జిప్పుకి మైనం రుద్ది, అడక్కుండానే ఊడిపోతున్న పిడి కూడా బిగించి ఇచ్చారు. "ఇంత చిన్న పనికి డబ్బులేమిటమ్మా, మళ్ళీ రండి" అన్నారు. తీసిన నోటుని ఆవిడ మళ్ళీ బ్యాగ్‌లో పెట్టుకుంది. ఆవిడకి ఎవరూ ఊరికే ఏదీ చేసిపెట్టి ఉండరు.

మాస్టారు కొలతలకి బ్యారక్స్‌కి వెళ్ళిన రోజు చూసి గుండీ పని కానిచ్చాడు. స్పేర్ జాకెట్ లైనింగ్ విప్పాడు. బ్యాడ్జి కింద బిళ్ళ పెట్టాడు. సొల్యూషన్ రాశాడు. మిషన్ కింద పెట్టి తొక్కడం మొదలుపెడితే బ్యాడ్జి జారింది. ఆపితే సూది ఇరుక్కుంది. బాంబు వైర్లు తొణక్కుండా కత్తిరించినవాడు ఇక్కడ ఒకేచోట మూడుసార్లు కుట్టాడు. ఎలాగో ముగించి కడ్డీకి తగిలించాడు.

మాస్టారు తిరిగొచ్చి ఆ జాకెట్ ముందు ఆగారు. బ్యాడ్జి ఒకవైపుకి ఒరిగి, ఉండాల్సిన దానికన్నా కిందికి దిగి ఉంది.

"నువ్వే కుట్టావా?"

"మీకు పని తగ్గుతుందని మాస్టారూ."

"ఊఁ. బాగానే ఉంది" అన్నారాయన. గాలిపటం తోకకి కూడా వంక పెట్టే మనిషి అంత చిన్న మాటతో ఎలా ఊరుకున్నాడో గుండీ ఆలోచించలేదు. గండం గడిచిందనుకుని మళ్ళీ ఆ జాకెట్ వైపు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుండీ కావాలని మాస్టారిని టీకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తాళం అలాగే ఉంది, స్పేర్ జాకెట్ లేదు. మేడమ్ పని అంత శుభ్రంగా ఉంటుంది. సాయంత్రానికి పోలీసులు దిగారు.

"షాపు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?" అని ఇన్‌స్పెక్టర్ గుండీని అడిగాడు.

"మాస్టారి దగ్గరే."

అది అబద్ధం కాదు. ఆ ముక్క గుండీ తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు.

జీపు ఎక్కుతూ మాస్టారు వెనక్కి తిరిగారు. ఆయన భయపడుతున్నారు, కానీ భయం కనపడకూడదని నవ్వు తెచ్చుకున్నారు. "మీ పిన్నికి నెమ్మదిగా చెప్పరా. ఏదో పొరపాటు, రేపటికి వచ్చేస్తానని చెప్పు. మిషన్‌కి నూనె వెయ్యడం మర్చిపోకు."

గుండీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెప్పడానికి మాస్టారి ఇంటి వీధి మలుపు దాకా వెళ్ళాడు కూడా. గుమ్మంలో ఆవిడ రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉంది. అతను మలుపు నుంచే వెనక్కి వచ్చేశాడు.

*

ఆపరేషన్ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోందని డైరెక్టర్ అన్నారు. సిగ్నల్ వస్తోంది. అయితే ముఠా డెన్ నుంచి కాదు. ఎస్కార్ట్ బ్యారక్స్ లోపల నుంచే. ఇంకా దగ్గరికి వెళ్ళి వెతికితే, తిన్నగా ఎస్కార్ట్ కమాండర్ గదిలోంచి.

"ఇంటి దొంగ!" అని డైరెక్టర్ బల్ల గుద్దారు. "జాకెట్ చుట్టూ తిరిగి మళ్ళీ లోపలికే వచ్చిందన్నమాట. అతిథి కారు తలుపు తీసేది కమాండరే. అంతకన్నా దగ్గరగా ఎవడు వెళ్ళగలడు?"

"ఇప్పుడే పట్టుకుంటే సార్?"

"వాడి వెనక ఉన్నవాళ్ళు జారిపోతారు. అతిథి దిగే స్క్వేర్‌లో గడియారం మేడ మీద స్నైపర్ ఉంటాడు. కమాండర్ చెయ్యి జాకెట్ లోపలికి పోయిందంటే కాల్చేస్తాడు."

"మాస్టారిని వదిలేద్దామా సార్? ఆయనకి సంబంధం లేదని తేలిందిగా."

"ఏం తేలింది? కమాండర్‌కి జాకెట్లు కుట్టేది ఎవరు? ముసలాయన కూడా ముఠాయే అనిపిస్తోంది నాకు. రేపు అతిథికి ఏమైనా అయితే ఈ ఇద్దరికీ ఉరి తప్పదు."

అతిథి వచ్చే రోజు ఉదయం స్క్వేర్ పక్కన కాఫీ షాపులో గుండీ ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషంలో కూర్చున్నాడు. అతికించిన గడ్డం, నలిగిన కోటు, మెడలో పెద్ద కెమెరా. కెమెరా ఫ్లాష్‌లో డిపార్ట్‌మెంట్ తయారుచేసిన బల్బు ఉంది. ఎవరి కళ్ళలోకైనా వెలిగిస్తే కాసేపు వాడికి లోకమంతా తెల్లకాగితం. ఎదుటి కుర్చీలో మేడమ్ వచ్చి కూర్చుంది. చేతిలో చిన్న సూట్‌కేసు.

"మధ్యాహ్నం ఫ్లైట్ ఉంది నాకు. వెళ్ళేముందు ఒకటి చెప్పాలి. ఆ ముసలాయన్ని ఉరి తీస్తారట కదా. నాకు నిద్ర పట్టడం లేదు."

"మీకా?"

"నాకే. నవ్వకు. నువ్వు జాకెట్‌కి బ్యాడ్జి కుట్టిన సాయంత్రం, తాళం ఎలాంటిదో చూద్దామని షాపు దగ్గరికి వచ్చాను. నువ్వు వెళ్ళిపోయావు. ఆయన ఒక్కడే కూర్చుని ఆ బ్యాడ్జి విప్పి మళ్ళీ కుడుతున్నాడు."

గుండీ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు. రెండు పక్కలా పనిచేసేవాళ్ళం అడిగితేనే చెప్తాం."

"జాకెట్ ఎవరు వేసుకున్నారు?"

"నేను అందించాను. వేసుకునేవాడిని చూడలేదు." ఆవిడ లేచి, బాగుచేసిన బ్యాగ్ చంకలో పెట్టుకుంది. "అంత పిచ్చికుట్టు కుట్టావేమయ్యా! కొంచెం తిన్నగా కుట్టి ఉంటే ఆయన దాన్ని ముట్టుకునేవాడే కాదు."

అంటే బిళ్ళ ఆ జాకెట్‌లో లేదని గుండీకి తట్టింది. కుర్చీ తన్నేసి పరుగెత్తాడు.

*

స్క్వేర్‌కి దగ్గర్లోనే పోలీస్ హెడ్‌క్వార్టర్స్. కింది అంతస్తులో సెల్. కాపలావాడు తలుపు తీస్తూ, "ఎన్నిసార్లు అడిగినా ఒకటే పాట సార్. అన్ని బ్యాడ్జిలూ నేనే కుట్టాను, మా అసిస్టెంట్‌కి ఏమీ తెలీదు, వాడిని లాగకండి అంటాడు" అన్నాడు.

గడ్డం పీకేసుకుని లోపలికి వచ్చిన గుండీని చూసి మాస్టారు గభాల్న లేచారు.

"ఒరేయ్, నిన్ను కూడా పట్టుకున్నారా? నేను చెప్పానే వీళ్ళకి, నీకేం తెలీదని!"

గుండీ ఐడెంటిటీ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఎలా చెప్పాలో దారంతా ఆలోచించుకున్నాడు. తీరా వచ్చాక నోట్లోంచి ఊడిపడింది ఒక్కటే.

"నేను పని నేర్చుకోవడానికి రాలేదు మాస్టారూ. మిమ్మల్ని ఇక్కడ పెట్టించింది నేనే."

మాస్టారు కార్డు చూశారు. కార్డు మీద ఫొటో చూశారు. ఎదురుగా ఉన్న ముఖం చూశారు.

"అయితే మీరు ఆఫీసరన్నమాట" అన్నారు చివరికి.

'మీరు' అన్నారు. గుండీ శత్రువుల చేతిలో తన్నులు తిన్నాడు, ఒకసారి వేలు విరిగింది. వాటిలో ఏదీ అలా తగల్లేదు.

"నేను కుట్టిన బ్యాడ్జి మీరు విప్పారా?"

"విప్పాను సార్. మా పనిలో అదొక పద్ధతి. నేర్చుకునేవాడు తోలు మీద మొదటిసారి కుడితే, గురువు బాగుందనాలి. వాడు వెళ్ళాక విప్పి సరిగ్గా కుట్టాలి. ఆ సంగతి వాడికి చెప్పకూడదు. మా గురువు నాకూ అలాగే చేశాడట. ఆయన పోయాక వాళ్ళావిడ చెబితే తెలిసింది. మీరూ నేర్చుకునేవారే అనుకున్నాను."

"అందులో ఒక బిళ్ళ ఉండాలి."

"ఉంది. బ్యాడ్జి మధ్యలో ముడతపడకుండా నిలబడుతుందని మీరు పెట్టారనుకున్నాను. కుట్టు రాకపోయినా కుర్రాడికి బుర్ర ఉందిరా అనుకున్నాను." ఆ మాటకి ఆయనకే బాధేసినట్టుంది. "కమాండర్ గారి బ్యాడ్జి ఎప్పుడూ మధ్యలో ముడుచుకుంటుంది. అందుకని తీసి ఆయన జాకెట్‌లో వేసి, మర్నాడు పొద్దున్నే ఇచ్చేశాను. చక్కగా నిలబడింది."

"కాసేపట్లో ఆయన్ని కాల్చేస్తారు మాస్టారూ. ఆ బిళ్ళని పట్టుకుని ఆయనే హంతకుడనుకుంటున్నారు. అసలు వాడు నేను కుట్టిన జాకెట్‌లో ఉన్నాడు. ఏ జాకెట్టో ఎలా గుర్తుపట్టడం?"

మాస్టారు తడుముకోలేదు. పని మాట రాగానే గొంతు మారింది.

"గుడ్డకి కుట్టు విప్పితే కన్నాలు రెండు ఉతుకులకి పూడిపోతాయి. తోలుకి సూది దిగితే అంతే, పూడదు. మీరు బ్యాడ్జిని కిందికి దించి వాల్చి కుట్టారు. నేను పైకి జరిపాను. దాంతో మీ కన్నాలు బ్యాడ్జి కింద బయటపడ్డాయి. మైనం రుద్ది పాలిష్ పెట్టాను. బండి మీద వంగి ఉన్నంతసేపూ బ్రహ్మదేవుడికి కూడా కనపడవు. నిటారుగా నిలబడి ఛాతీ విరిస్తే తోలు లాగి తెరుచుకుంటాయి. వంకర వరస. మీ చేతిపనే కదా, మీకే తెలియాలి."

గుండీ తలుపు దాకా వెళ్ళాడు.

"సార్" అని పిలిచారు మాస్టారు. "మా ఇంటికి వెళ్ళి చెప్పారా?"

"లేదు మాస్టారూ."

"పోనీలెండి. మీకు పనులుంటాయి."

*

స్క్వేర్ కిక్కిరిసి ఉంది. తాళ్ళ వెనక జనం, మెట్ల మీద బ్యాండు, మధ్యలో ఎర్ర తివాచీ. దూరంగా మోటార్ సైకిళ్ళ హోరు వినిపిస్తోంది. గుండీ ప్రెస్ పాస్ చూపించి తాడు దాటి, కోటు కాలర్‌లో దాచిన వైర్‌లెస్‌లోకి గొణిగాడు.

"సార్, కమాండర్ కాదు. ట్రాన్స్‌మిటర్ జాకెట్ మారింది. మాస్టారు మార్చారు."

"ముసలాయన చెప్పాడా?"

"అవును సార్."

"తోటి ముఠావాడిని కాపాడుకోవడానికి చెప్పాడు. సిగ్నల్ అబద్ధం చెప్పదు."

"మాస్టారూ చెప్పరు సార్!"

"నువ్వు ఆ ఇంటి అన్నం తిన్నావు గుండీ. నీ మాట నేను తీసుకోలేను." వైర్‌లెస్ కటకటలాడి ఆగిపోయింది.

కాన్వాయ్ వచ్చేసింది. నల్ల కారు తివాచీ ముందు ఆగింది. రైడర్లు దాని పక్కన వరసగా బళ్ళు ఆపారు. అందరూ ఒకటే మనిషిలా ఉన్నారు. అదే హెల్మెట్, అవే గాగుల్స్, అదే ఎర్ర బ్యాడ్జి, అందరూ హ్యాండిల్ మీదికి వంగి. కమాండర్ ముందు బండి దిగి, తలుపు వైపు నడుస్తున్నాడు. గుండీ కెమెరా కంటికి పెట్టుకుని వరస వెంట వెనక్కి నడిచాడు. లెన్స్‌లో ఒక్కొక్క ఛాతీ దగ్గరికి వస్తోంది. వంగిన తోలు, నున్నటి తోలు, ముడతలు. ఏమీ లేదు.

"ఎస్కార్ట్! సావధాన్!"

రైడర్లందరూ బళ్ళు దిగి నిటారుగా నిలబడ్డారు. ఛాతీలు విరిశారు.

కమాండర్ కారు పక్కన ఆగి కుడిచెయ్యి జాకెట్ లోపలికి పెట్టాడు.

గుండీకి అటు చూసే టైము లేదు. వరస చివర, ఒకడి బ్యాడ్జి కింద, ఎండలో, చిన్న చిన్న చుక్కలు తెరుచుకున్నాయి. తాగినవాడు నడిచినట్టు ఒక వంకర గీత. ఆ వంకర అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. సగం దూరంలో సూది ఇరుక్కుని కుట్టు ఒకేచోట మూడుసార్లు పడింది, ఆ గుంట కూడా ఉంది. వాడి చెయ్యి బండి సీటు కిందికి జారి పిస్తోలు తీస్తోంది. కారు తలుపు సందులోంచి అతిథి తెల్లజుట్టు కనపడుతోంది.

"ఇటు చూడు!" అని అరిచి గుండీ ఫ్లాష్ నొక్కాడు.

తెల్లటి వెలుగు గాగుల్స్ నిండా పేలింది. వాడు తల తిప్పేసుకుంటూనే ట్రిగ్గర్ నొక్కాడు. తూటా అతిథి చెవి పక్కగా పోయి కారు అద్దం పగలగొట్టింది. రెండో తూటా పేలేలోపు గుండీ కెమెరాతో సహా వాడి మీద పడ్డాడు. ఇద్దరూ మోటార్ సైకిల్‌ని పడగొట్టుకుంటూ నేలమీద దొర్లారు. కాలర్‌లోంచి డైరెక్టర్ గొంతు చిరిగిపోయేలా వినిపించింది. "స్నైపర్, ఆపు! కాల్చకు! కాల్చకు!"

గడియారం మేడ మీద వేలు ట్రిగ్గర్ మీదే ఆగింది. కింద కమాండర్ జాకెట్ లోంచి చెయ్యి బయటికి తీశాడు. చేతిలో ఒక జత తెల్లటి గ్లవ్స్ ఉన్నాయి. అతిథుల కారు తలుపు ఆయన ఎప్పుడూ ఉత్తచేత్తో తియ్యడు.

*

పట్టుబడినవాడు సాయంత్రానికి కక్కేశాడు. రాత్రికల్లా గబ్బిలం ముఠా మొత్తం దొరికింది. అసలు రైడర్ ఒక గోడౌన్‌లో కట్టేసి ఉండగా, ప్రాణాలతో, బాగా ఆకలితో దొరికాడు. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మేడమ్ ఆ మధ్యాహ్నమే ఎగిరిపోయింది. ఏ దేశానికి వెళ్ళిందని అడిగితే రెండు ప్రభుత్వాలు రెండు పేర్లు చెప్పాయి.

మాస్టారిని గుండీయే స్వయంగా ఇంటికి తీసుకెళ్ళాడు. మాస్టారి భార్య గుమ్మంలోనే ఏడ్చేసింది. ఆయన్ని లోపల కూర్చోబెట్టి వచ్చి గుండీని పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు నాయనా? ఒక్కసారి కూడా రాలేదే? నీకూ ఏమైనా అయిందేమోనని దిగులుపడి చచ్చాను."

తప్పించుకోవడానికి అబద్ధాలు బోలెడున్నాయి, అతని ఉద్యోగమే అది. అతను నిజం చెప్పాడు. నిలబడే, ఆపకుండా, అంతా చెప్పాడు.

ఆవిడ విని అతని ముఖంలోకి చూసింది. "ఆ ఆదివారం నేను అన్నం పెట్టినప్పుడు కూడా నీకు తెలుసా, ఆయన్ని పట్టిస్తావని?"

"తెలుసండీ."

"రెండోసారి అడిగి వేయించుకున్నప్పుడు కూడా?"

"తెలుసండీ."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండుననుకున్నాడు గుండీ. తిట్టలేదు.

అనుమానం కొద్దీ సెక్యూరిటీ వాళ్ళు ఎస్కార్ట్ జాకెట్లన్నిటి బ్యాడ్జిలూ ఊడబీకారు. భుజం పట్టీలు కూడా పీకారు. ఏమీ దొరకలేదు. కమాండర్ ఆ జాకెట్ల మోపు తానే మోసుకొచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాడు. "వేరే ఎవరికీ ఇవ్వం మాస్టారూ. మీ చెయ్యి పడితేనే వేసుకుంటాం" అన్నాడు. సందులో వాళ్ళందరూ వినేలా కాస్త గట్టిగానే అన్నాడు. అలా అనమని గుండీ బతిమాలుకున్నాడు. మాస్టారికి తెలియనివ్వలేదు.

డైరెక్టర్ గుండీకి సెలవిచ్చారు. సముద్రం ఒడ్డుకి వెళ్ళమన్నారు. అతను షాపుకి వెళ్ళాడు.

"రండి సార్" అని మాస్టారు లేచి నిలబడ్డారు. కుర్చీ తుడిచి వేశారు.

"పని చెయ్యడానికి వచ్చాను మాస్టారూ."

"మీ ఇష్టం సార్. మిషన్ మీద పెడితే కొత్త కన్నాలు పడి తోలు పాడవుతుంది. పాత కన్నాల్లోంచే, చేత్తోనే, ఒక్కొక్కటీ పోనివ్వాలి. మీకు విసుగేమో."

విసుగు పుట్టలేదు. గుండీ రోజూ పొద్దున్నే వచ్చి లైనింగ్ విప్పి, సూదికి మైనం పట్టించి, పాత కన్నం వెతుక్కుని దూర్చి లాగేవాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి. మాస్టారు ఎదురుగా కూర్చుని తన పని తను చేసుకునేవారు. ఏదైనా అడిగితే, "అలా కాదండి, ఇలా" అనేవారు. అంతే. పెళ్ళి సంగతి ఎత్తలేదు. వీధిలో వాళ్ళ కబుర్లు చెప్పలేదు. అంత వాగుడుకాయ మనిషిని తనే నోరు మూయించానని గుండీకి రోజంతా తెలుస్తూనే ఉండేది. మధ్యాహ్నం క్యారియర్ వచ్చేది. ఒక్కరికే.

అలా గడుస్తుండగా ఒక రోజు షాపులో ఫోన్ మోగింది. మాస్టారు ఎత్తి విని, "మీకే సార్" అని రిసీవర్ అందించారు. గుండీ దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కుట్టు ఆపకుండానే పలికాడు.

"గుండీ! సెలవు క్యాన్సిల్" అన్నారు డైరెక్టర్. "కొత్త మిషన్. మంచు కొండల మీద హోటల్. నువ్వు కోటీశ్వరుడి వేషం. పక్కన ఒక డాన్సర్. రేపు ఉదయం ఫ్లైట్."

"రేపు కుదరదు సార్. ఇంకా జాకెట్లు మిగిలి ఉన్నాయి."

"ఏమిటి? జాకెట్లా?"

"అవును సార్. భుజం పట్టీలు అసలు మొదలే పెట్టలేదు…"

మాటల్లో పడి చూసుకోలేదు. సూది పాత కన్నం పక్కన, నున్నటి కొత్త తోలులోకి కసుక్కున దిగింది.

"ఒరేయ్ వెధవా!" బల్ల అదిరేలా అరిచారు మాస్టారు. "అవి కళ్ళా, గచ్చకాయలా? కన్నం పక్కన కన్నం పెడతావేంట్రా? చెవిలో ఫోన్ పెట్టుకుని ఎవడైనా తోలు కుడతాడురా? తియ్, తియ్ ముందు! ఇలా ఇవ్వు! నిన్ను ఆఫీసర్ని చేసిన మహానుభావుడెవడో గానీ…"

గుండీ కదల్లేదు. కళ్ళలో నీళ్ళు నిండి సూది రెండుగా కనపడుతోంది.

"ఎవరయ్యా అది?" అవతల డైరెక్టర్ మండిపడ్డారు. "ఎవర్ని తిడుతున్నాడు?"

"నన్నే సార్!" అన్నాడు గుండీ, ప్రమోషన్ వచ్చినవాడిలా.